చెయ్యి గడిలో సున్నా

సూది నూట ఇరవై డిగ్రీల దగ్గర నిలబడగానే మూతమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఇక ముట్టుకోకూడదు. నాలుగు గంటలపాటు పొయ్యి ఏం చేస్తే అదే కాగితం మీదికి రావాలి.

మాంసం కాల్చే పొయ్యిలు చేసి అమ్మే కంపెనీ అది; వెనక ఆవరణలో మూడు గిన్నె పొయ్యిలు వరసగా ఉన్నాయి. నడుమెత్తు కాళ్ళ మీద గుండ్రటి ఇనప గిన్నె, దానిమీద బోర్లించిన ఇంకో గిన్నెలా మూత. అడుగున గాలి లోపలికి వెళ్ళే రంధ్రం, మూతమీద పొగ బయటికి పోయే రంధ్రం. ఇక్కడివాళ్ళు వాటిని కింది కన్ను, పై కన్ను అంటారు. కన్ను ఎంత తెరిస్తే నిప్పు అంత లేస్తుంది. మొదటి పొయ్యిలో కర్రబొగ్గు, రెండోదాంట్లో బొగ్గుపొడిని ముద్దచేసి అచ్చుపోసి బజారులో అమ్మే అచ్చుబొగ్గు, మూడోదాంట్లో కంపెనీ కొత్తగా తయారుచేసిన సొంత అచ్చుబొగ్గు. మూడింటికీ ఒకే తూకం, లోపల జాలీ మీది వేడిని బయటికి చూపించే ఒకేలాంటి సూది.

మూతమ్మ అన్న పేరు ప్యాకింగువాళ్ళు పెట్టింది. లోపల మాంసం ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఎవరైనా మూతమీద చెయ్యి వేస్తే చాలు, ఆవరణ అవతలి నుంచైనా కేకేస్తుంది. మూత ఎత్తితే వేడి పోతుందని అందరూ అనుకుంటారు. పోయేది ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో గాలి తాగిన నిప్పు ఆ తరవాత అరగంట చెప్పిన మాట వినదు.

పక్కన స్టూలు మీద ఆమె తోడికోడలు కూర్చుని అయిదు నిమిషాలకోసారి అంకెలు రాస్తోంది. అన్నదమ్ములిద్దరి భార్యలు, ఒకే ఇంట్లో కింది వాటా ఒకరిది, మేడమీద వాటా ఒకరిది. ఎనిమిదేళ్ళ కిందట మూతమ్మే ఆమెను తీసుకొచ్చి ఇక్కడ చేర్పించింది. కర్రబొగ్గు కొత్తల్లుడిలాంటిదని, రాగానే హడావుడి చేసి రెండు గంటలకి చల్లబడుతుందని, అచ్చుబొగ్గు ఇల్లరికపు అల్లుడని, లేవడానికి బద్ధకించినా కూర్చున్నచోటు వదలదని నేర్పింది. చిన్నకోడలు ఆ మాట కొత్తగా వచ్చినవాళ్ళందరికీ తన సొంతంలా చెప్పేది. మూతమ్మ విని నవ్వుకునేది.

కాగితంలో నాలుగు గడులు. సమయం, వేడి, గాలి, చెయ్యి. చివరి గడి మూతమ్మ పెట్టించింది. పొయ్యిని ఎవరైనా తాకితే, కన్ను కొంచెం తిప్పినా, బూడిద దులిపే పిడి కదిపినా, ఆ గడిలో ఒకటి పడాలి. ఇక్కడ చెయ్యి తిరిగినవాళ్ళు తడి బొగ్గుని కూడా మండించగలరు. పొయ్యి కొనుక్కున్నవాళ్ళింట్లో ఆ చెయ్యి ఉండదు. పొయ్యి పెట్టెలో వేసే చిన్న పుస్తకంలో ఏ బొగ్గు ఎంత వెయ్యాలో, ఎంత వేడి ఎంతసేపు నిలుస్తుందో పట్టిక ఉంటుంది. దాని కింద పరీక్షించినవారు అని మూతమ్మ అసలు పేరు. పదకొండేళ్ళుగా ఉంది.

గంటన్నర వరకు మూడు సూదులూ మర్యాదగానే ఉన్నాయి. కర్రబొగ్గు కిందికీ మీదికీ ఊగుతున్నా దారి తప్పలేదు. గంటా నలభై నిమిషాలకు మూడోది జారడం మొదలైంది. నూట పదిహేను. నూట ఆరు. తొంభై ఎనిమిది. మూతమ్మ వంగి కింది కంటిలోకి చూసింది. బూడిద గడ్డకట్టి దాదాపు మూసేసింది. బొగ్గు ముద్దకట్టడానికి పిండిలాంటిదేదో ఎక్కువ కలిపి ఉంటారు. మండినంత మండి, మిగిలిందంతా బూడిదై గాలికి అడ్డం పడుతోంది.

"ఒక్కసారి దులిపితే లేస్తుందక్కా," అంది చిన్నకోడలు. ఆమె చెయ్యి అప్పటికే పిడి దాకా వెళ్ళింది.

"లేస్తుంది. లేపకూడదు."

రెండున్నర గంటలకి ఎనభై నాలుగు. మూతమ్మ ఆ అంకె కింద గీత గీసింది. అయిదు కిలోల మాంసం ముక్క పట్టికను నమ్మి నాలుగు గంటలు మూత ఎత్తకుండా లోపల పెడితే, పైన ఎర్రగా కాలి, నడిమధ్యన గోరువెచ్చగా, పచ్చిగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ తిని మంచాన పడతారు. అంతా ఆ పుస్తకంలోని పేరునే తిట్టుకుంటారు.

నియమం ప్రకారం ప్రతి బొగ్గుకీ రెండు పరీక్షలు. మొదటిది గాలి వల్ల చెడిందనే మాట రాకూడదని ఆ నియమం. రెండోది మంగళవారం. ఆ రోజు అత్తగారి పన్ను పీకించాలి. తనకు పెద్దకోడలే పక్కనుండాలని ముసలావిడ పంతం పట్టింది. మూతమ్మ కాగితాలు చిన్నకోడలి చేతిలో పెట్టి, రేపు నువ్వే చూడాలని చెప్పింది.

"నేను చూసుకుంటాలే అక్కా," అంది చిన్నకోడలు.

* * *

బుధవారం పొద్దున మేనేజరు మూతమ్మను గదిలోకి పిలిచి, కళ్ళజోడు తుడుచుకుంటూ అచ్చుకి వెళ్ళబోయే పుస్తకం ముందుకి తోశాడు. ఇక ఆమె సంతకమే తరువాయి అన్నాడు. సొంత అచ్చుబొగ్గు, నూట ఇరవై డిగ్రీలు, నాలుగు గంటలు, చెయ్యి పెట్టాల్సిన పని లేదు. కింద ఆమె పేరు.

తప్పు పడిందని ఆమె చెప్పింది. తప్పేమీ లేదని, సోమవారం గాలి ఎక్కువగా ఉందని, రెండో పరీక్షే లెక్కలోకి తీసుకున్నామని అతను చెప్పాడు. వాన కురిసినా, నేల అదిరినా అదే గొంతుతో మాట్లాడే మనిషి. సోమవారం కాగితం ఏదని ఆమె అడిగితే, అవసరం లేదు కాబట్టి పక్కన పెట్టామన్నాడు. ఎంత పక్కన అని ఆమె అడగలేదు. మంగళవారం కాగితం మాత్రం అడిగి తీసుకుంది.

ఆవరణలోకి వచ్చేలోపు ఆమె మనసులో దొంగను పట్టేసుకుంది. ఆఫీసులో ఎవడో కుర్చీలో కూర్చుని కల్పించిన అంకెలు. అలాంటివి పట్టుకోవడం చిటికెలో పని. పొయ్యి మొహం చూడనివాడు కల్పిస్తే అంకెలు గీటు గీసినట్టు తిన్నగా ఉంటాయి, లేదా లెక్కల మాస్టారి మెట్లలా దిగుతాయి. అది చిన్నకోడలికి చూపించి ఇద్దరూ కలిసి నవ్వుకోవచ్చు. ఇద్దరూ కలిసి మేనేజరు ముందు పెట్టొచ్చు.

గోడవారన నిలబడి నలభై ఎనిమిది అంకెలూ వేలితో చదివింది.

తిన్నగా లేవు. గంట దాటాక అంకె నాలుగు డిగ్రీలు దిగింది, వెంటనే ఆరు పెరిగింది, ఒకటి తగ్గి కుదురుకుంది. ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే. దిగడం, లేవడం, ఒకటి తగ్గడం. మళ్ళీ ఇరవై నిమిషాలకు. మూతమ్మ వేలు అలా లేచి దిగిన మూడో గుట్ట దగ్గర ఆగిపోయింది.

బూడిద దులిపితే నిప్పు ఒక్కసారిగా లేస్తుంది. అందరూ పిడిని ఈ చివరి నుంచి ఆ చివరికి లాగేస్తారు. వేడి ఇరవై డిగ్రీలు పైకి ఎగురుతుంది. సగమే తిప్పి, వెంటనే పై కన్ను వేలెడంత మూసి, వంద లెక్కపెట్టి మళ్ళీ తెరిస్తే ఆరు డిగ్రీలు లేచి ఒకటి తగ్గి ఊరుకుంటుంది. ఆ కిటుకు మూతమ్మ సొంతం. ఏ పుస్తకంలోనూ లేదు. ప్రపంచంలో ఒక్క మనిషికే నేర్పింది. వెనక నిలబడి, ఆ మనిషి మణికట్టు పట్టుకుని మరీ నేర్పింది.

గుట్టలు లెక్కపెట్టింది. తొమ్మిది.

చెయ్యి గడిలో పైనుంచి కిందిదాకా సున్నాలు. గుండ్రంగా, ఓపిగ్గా, ఒకే సైజులో పెట్టిన నలభై ఎనిమిది సున్నాలు. సున్నా నెత్తిన చిన్న కొక్కెం. ఇంట్లో చాకలి పద్దు పుస్తకంలో కూడా చిన్నకోడలు సున్నాలు అలాగే పెడుతుంది.

దొంగ అంకెలైనా బాగుండేదనిపించింది మూతమ్మకి. ఒక్క అంకె కూడా దొంగది కాదు. ఆ పొయ్యి నిజంగానే నాలుగు గంటలు నూట ఇరవై దగ్గర నిలబడింది. దాన్ని నిలబెట్టింది తన చెయ్యే, వేరే మనిషి భుజానికి అతికి.

ఆవరణ ఆ చివర చిన్నకోడలు బొగ్గు బస్తా మూతి కుడుతోంది. తలెత్తి చూసి, అక్క చేతిలో కాగితం చూసి, మళ్ళీ తల దించుకుని కుట్టింది.

* * *

సాయంత్రం డాబామీద ఆరిన దుప్పట్లు మడతపెట్టడం ఎప్పుడూ ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని దులిపి, దగ్గరికి నడిచి, కొసలు అందించుకుని, మళ్ళీ వెనక్కి నడవాలి. మొదటి దుప్పటి ఒక్క మాట లేకుండా మడతపడింది. రెండోదీ అంతే. బుగ్గన దూది పెట్టుకుని నులకమంచం మీద కూర్చున్న అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"పన్ను పీకింది నాకా, మీ ఇద్దరికా?" అంది దూది పక్కనుంచే.

ముసలావిడ గొణుక్కుంటూ మెట్లు దిగి వెళ్ళింది.

మూడో దుప్పటి కొసలు అందుకుంటూ మూతమ్మ అడిగింది. "ఎన్నిసార్లు దులిపావు?"

"దేన్నక్కా?"

"నిన్నటి పొయ్యిని."

చిన్నకోడలు దుప్పటి గట్టిగా దులిపింది. "గుర్తులేదు."

"ఒక్కసారా, పదిసార్లా?"

"గుర్తులేదన్నానుగా. అంకెలన్నీ నిజం. కావాలంటే సూదిని అడుగు."

"సూదిని కాదు, నిన్నడుగుతున్నా. సున్నాలు ఎందుకు పెట్టావు?"

అప్పుడు చిన్నకోడలు మాట్లాడింది. గొంతు పెంచలేదు, దుప్పటి వదల్లేదు. మంగళవారం మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడట. మూతమ్మ లేకపోతే ఆవరణలో పొయ్యి కూడా వెలగదంటారే, నిజమేనా అని నవ్వుతూ అడిగాడట. ఆ బొగ్గుని నాలుగు గంటలు నిలబెట్టగలవా అన్నాడట. నిలబెట్టి చూపించింది. చెయ్యి గడిలో ఏం రాయమంటారని తానే అడిగితే, రెండో ఆవరణ మొదలుపెట్టబోతున్నామని, దానికి మనిషి కావాలని, ఆ మనిషి సమస్యలు రాసే మనిషి కాకూడదని చెప్పి వెళ్ళిపోయాడట.

"ఎనిమిదేళ్ళు నీ పక్కన కూర్చుని అంకెలు రాశాను. పుస్తకంలో నా పేరు ఎక్కడైనా ఉందా? నువ్వెప్పుడైనా అడిగావా?"

మూతమ్మ అడగలేదు. ఆ సంగతి ఆమెకు ఆ క్షణం వరకూ తట్టనైనా లేదు. తట్టనందుకు సిగ్గుపడింది. కానీ ఆ సిగ్గుతో కోపం తగ్గలేదు.

"పేరు కావాలంటే నన్నడగాల్సింది. ఇచ్చేదాన్ని. నీ సున్నాల కింద నా పేరెందుకు పెట్టావు?"

"ఎవరి పేరు పెడతారో నాకేం తెలుసు," అంటూ చిన్నకోడలు తన కొసలు ఆమె చేతిలో పెట్టి దిగిపోయింది.

దుప్పట్లు ఇంకా అయిదున్నాయి. ఒక్క మనిషి దుప్పటి మడతపెట్టాలంటే ఒక కొస గడ్డం కింద నొక్కుకోవాలి. మూతమ్మ అలాగే మడతపెట్టింది.

* * *

గురువారం ఆమె సంతకం పెట్టనంది. మేనేజరు ఒత్తిడి చెయ్యలేదు. శుక్రవారం డీలర్లు వస్తున్నారు, కొత్త బొగ్గు వాళ్ళ కళ్ళముందే వెలిగిద్దాం, మీ చేతుల మీదుగానే వెలిగించండి, చూశాక మీరే ఆలోచించుకోండి అన్నాడు. మూతమ్మ ఒప్పుకుంది. సూది అబద్ధం ఆడదు. అందరూ ఉండగా పడిపోతే సంతకం సంగతి అదే తేలిపోతుంది.

శుక్రవారం పది గంటలకు ముప్ఫై మంది డీలర్లు చుట్టూ నిలబడగా ఆమె రాజుకున్న బొగ్గుని గిన్నెలో ఒకవైపు పోసి, రెండోవైపు మాంసం ముక్క పెట్టి మూత దించింది. సూది మెల్లగా ఎక్కి నూట ఇరవై దగ్గర ఆగింది. అచ్చుకి ముందు డీలర్లకి నమూనాగా పంచిన పుస్తకంలోంచి ఆమె పట్టిక పైకి చదివి, చేతులు వెనక్కి కట్టుకుంది. డీలర్లు ఫొటోలు తీసుకున్నారు. గంట గడిచినా సూది కదల్లేదు. గంటన్నర అయినా కదల్లేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

పన్నెండుకి పావుగంట తక్కువలో భోజనాలు పైన సిద్ధమన్నాడు. రెండు గంటలకి దిగివచ్చి అందరం ముక్క కోసి చూద్దామన్నాడు. అయిదు నిమిషాల్లో ఆవరణ ఖాళీ అయింది.

మూతమ్మ ఆ ఖాళీని చూస్తూ నిలబడింది. ఇంత తేలిక. గంటా నలభై నిమిషాలకు సూది జారుతుందన్న లెక్క తాను స్వయంగా సోమవారం రాసిచ్చింది. ఆ కాగితాన్ని అతను పక్కన పారెయ్యలేదు. పక్కన పెట్టుకుని, దాన్నిబట్టి భోజనాల వేళ పెట్టాడు.

ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. హార్డ్‌వేర్ షాపు నడిపే పెద్దావిడ, మోకాలికి పట్టీ కట్టుకుని నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మేడమెట్లు ఎక్కలేనని, పళ్ళెం కిందికే పంపమని చెప్పింది.

పళ్ళెం పట్టుకుని చిన్నకోడలు దిగింది. పళ్ళెం పెద్దావిడకి ఇచ్చి, నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చింది. సూది నూట పన్నెండు మీద ఉంది. అక్క మొహం చూడకుండా వంగి పిడి సగం తిప్పింది, పై కన్ను వేలెడంత మూసింది, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. చక్కటి చెయ్యి. అంత కోపంలోనూ మూతమ్మకు ఆ మాట అనిపించింది. సూది నూట పద్దెనిమిదికి లేచి, ఒకటి తగ్గి ఆగింది.

"అదేంటమ్మాయ్ చేశావు?" అంది పెద్దావిడ, నములుతూనే. "చదివినదాంట్లో అది లేదే?"

చిన్నకోడలు నిటారుగా నిలబడింది. "అక్క నేర్పిన పద్ధతేనండీ. పట్టిక రాసింది కూడా ఆవిడే."

మూతమ్మ ఆమె వైపు తిరిగింది. డాబామీద మాట వేరు. అక్కడ వినడానికి దుప్పట్లు తప్ప ఎవరూ లేరు. ఇక్కడ, పరాయి మనిషి ముందు, రెండు ముక్కల్లో నేరమంతా తీసుకొచ్చి తన ఒళ్ళో పెట్టేసింది. నేర్పిందీ తనే, రాసిందీ తనే. రెండు మాటలూ నిజంలాగే వినిపిస్తాయి. సోమవారం కాగితం తన దగ్గర లేదు. చెప్పుకోబోతే ఇంటి గొడవ అనుకుంటారు.

మూతమ్మ రెండు స్టూళ్ళు లాక్కొచ్చి పొయ్యికి అటొకటి ఇటొకటి వేసింది.

"నేర్పింది నేనేనండీ," అంది పెద్దావిడతో. "మీ షాపులో పొయ్యి కొనేవాళ్ళకి నేనెవరికీ నేర్పలేదు. వాళ్ళింట్లో ఎలా ఉంటుందో అలాగే చూద్దాం. ఇప్పటినుంచి మేమిద్దరం ముట్టుకోం. మీరు తింటూ చూస్తూ ఉండండి."

పెద్దావిడ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

చిన్నకోడలు పైకి వెళ్ళిపోవచ్చు. ఎందుకో వెళ్ళలేదు, స్టూలు మీద కూర్చుంది. నూట పది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నూట రెండు. చేతులు తొడల కిందికి తోసుకుంది. ఎనిమిదేళ్ళు నిప్పు పక్కన బతికిన మనిషికి నిప్పు చావడం కళ్ళారా చూడటం కష్టం. మూతమ్మకూ కష్టంగానే ఉంది. పై కంటిలోంచి వచ్చే పొగ సన్నబడింది, పలచబడింది. తొంభై నాలుగు.

పెద్దావిడ చెయ్యి కడుక్కుని, సూది దగ్గరికి కుంటుకుంటూ వచ్చి చూసి, చిన్నకోడలి ముందు నిలబడింది. ఈ బొగ్గుని ముందు పరీక్షించింది ఎవరని అడిగింది. చిన్నకోడలు తానేనని ఒప్పుకుంది.

"అప్పుడూ ఇందాకటిలాగే తిప్పావా?"

"తిప్పానండీ."

"ఎన్నిసార్లు?"

"తొమ్మిదిసార్లు."

తడుముకోలేదు, లెక్కపెట్టుకోలేదు. పేరడిగితే చెప్పినట్టు చెప్పింది. మూతమ్మ కళ్ళు మూసుకుంది. ఒకే ఇంట్లో, ఒకే దుప్పటి కొసలు పట్టుకుని తనడిగితే గుర్తులేని అంకె, ముక్కూ మొహం తెలియని మనిషి అడగ్గానే నోటికొచ్చింది.

రెండు గంటలకి డీలర్లు నవ్వుకుంటూ దిగారు. సూది డెబ్భై తొమ్మిది మీద ఉంది. మేనేజరు ఒక్క చూపులో సూదినీ స్టూళ్ళనూ పెద్దావిడనూ చూసి, గాలి మారినట్టుందని అదే గొంతుతో మొదలుపెట్టాడు. ఆకైనా కదల్లేదని, తాను ఇక్కడే ఉన్నానని పెద్దావిడ అంది. మూత తియ్యమంది. మూతమ్మ తీసింది. పెద్దావిడ చాకు అడిగి ముక్కను నిలువునా కోసింది. నడిమధ్యన ముక్క మెత్తగా, పచ్చిగా, తడిగా మెరిసింది. ముందువరసలో ఇద్దరు వెనక్కి జరిగారు. ఇంకెవరో పుస్తకంలోని పట్టిక తీసి చదవసాగారు.

"ఏం జరిగింది?" అని మేనేజరు చిన్నకోడలిని అడిగాడు. ఏదో ఒక సమాధానం ఉంటుందని ఆశపడుతున్నవాడిలా అడిగాడు.

చిన్నకోడలు తొడల కిందినుంచి చేతులు తీసుకుని, ఎర్రబడ్డ వేళ్ళు చూసుకుంది.

"ఏమీ జరగలేదు సార్. మేమెవరం ఏమీ చెయ్యలేదు. అందుకే ఇలా ఉంది."

మేనేజరు కళ్ళజోడు తీశాడు, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. పట్టిక అచ్చుకి వెళ్ళదని ఎవరూ పైకి అనలేదు. డీలర్లు ఒక్కొక్కరే పుస్తకాలు బల్లమీద పెట్టి వెళ్ళారు. పెద్దావిడ మాత్రం తన పుస్తకం సంచిలో వేసుకుంది. మూతమ్మ మిగిలిన నిప్పుని ఇనప బకెట్లో కుమ్మరించి మూతపెట్టింది. చిన్నకోడలు బూడిద ఎత్తింది. పని పూర్తయ్యేదాకా ఇద్దరూ ఒకరి చేతికి ఒకరు వస్తువులు అందించుకున్నారు, అడగకుండానే.

అయిదున్నర బస్సు సగం ఖాళీగా వచ్చింది. చిన్నకోడలు ముందు ఎక్కి, ఇద్దరు కూర్చునే సీట్లో కిటికీ పక్కకి జరిగి, పక్కన చోటు ఉంచి, సంచి ఒళ్ళోకి తీసుకుంది. మూతమ్మ టికెట్టు తీసుకుంది. ఆ సీటు పక్కనే ఉన్న కమ్మీ పట్టుకుని, తమ ఇల్లున్న వీధి వచ్చేదాకా నిలబడే ఉంది.